పెంకు చూసే చేయి

మొదటి చూపు

పొద్దున లిఫ్టులో పైనుంచి దిగినవి మందు డబ్బాలు, ఒక పచ్చ తెర, ఒక డాక్టరు. మూడింటిలోకీ తెరే కాస్త గట్టిగా కనిపించింది. డాక్టరు పేరు నిరంజన్. పైన చల్లగాలి యంత్రాల మధ్య బతికే చలువ నగరం మనిషి. భూమి కింద పాత గని బాయిలో మేం కాపురముండే మూడో లెవెల్ గాలి ముక్కుకు తగలగానే గోడ పట్టుకుని కూలబడ్డాడు. "ఇక్కడ ఎప్పుడూ ఇంత వేడేనా?" అని అడిగాడు. ఇది చలికాలం సార్, అన్నాను. పాపం, చొక్కా గుండీలు విప్పుకున్నాడు.

చర్మం చూసే పనికి నిజానికి ముందు ఒక యంత్రాన్ని పంపారు. అది చలువ నగరం చర్మాలు చూసి చదువు నేర్చుకున్న యంత్రం. పక్కింటి మల్లవ్వ చేయి పెడితే "చర్మం కనబడలేదు" అంది. మల్లవ్వ ఊరుకుంటుందా? "నీ కండ్లల్ల మన్నువడ! గింత చెయ్యి కనవడ్తలేదా?" అని నాలుగు తిట్టింది. యంత్రం పైకి పోయింది. ఒకప్పుడు దవాఖానాలో కట్లు కట్టిన అనుభవం ఉందని ఆ పని నాకు అంటగట్టారు.

తెర వెనక మనిషి కూర్చుంటాడు. తెరకున్న కంతలోంచి చేయో, కాలో, వీపో నా వైపుకు వస్తుంది. పెంకు, అంటే మా బాయివాళ్ల చర్మం మీద గట్టిగా కట్టే పొర, ఎంత ఎర్రగా ఉంది, ఎంత మందంగా ఉంది, ఎంత పొట్టు రాలుతోంది, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా వేయాలి. ఎంత మేర పాకిందో వాళ్ల అరచేత్తోనే కొలవాలి; ఎవరి అరచేయైనా వాళ్ల ఒంట్లో నూరో వంతట. ముఖం చూడకూడదు, మాట్లాడకూడదు. సగం డబ్బాల్లో మందు ఉంది, సగం డబ్బాల్లో ఉత్త మైనం. ఏది ఎవరికి పోయిందో నాకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. చూపులు జరిగే వారమంతా నేను ఇంటికి పోకుండా దవాఖానా గదిలోనే పడుకోవాలి, ఎవరూ నా చెవిలో ఏమీ ఊదకుండా.

డబ్బాలు పంచేముందు అందరినీ కూర్చోబెట్టి షరతు నేనే చదివాను. ఈ డబ్బాలోది తప్ప ఒంటికి ఇంకేదీ పూయకూడదు. నూనె వద్దు, పసుపు వద్దు, బూడిద వద్దు. అందరూ తలూపారు.

మందు పనిచేస్తుందని తేలితే ఎండాకాలానికి బాయిలో అందరికీ వస్తుంది. తేలకపోతే ఎవరికీ రాదు. అంతే సంగతి.

ఇంటికి వచ్చాక

మా వదిన కోపంగా ఉంది. వదిన అంటే మా ఆయన అక్క, రాజవ్వ. మా ఆయన పోయాక ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఒకరి మీద ఒకరు విసుక్కోవడానికి ఆ మాత్రం జనాభా చాలు.

"చెప్పక పెట్టక దిగి ఆ పూటనే చూస్తమంటె ఎట్లనే? కాళ్లన్న కడుక్కోనియ్యరా మనిషిని?" అంది.

"నిన్ను చూసింది నేను కాదు గద వదినా. ఇంటోళ్లను డాక్టరే చూడాల్నట."

"గదే! పరాయి మొగోని ముంగట, గీ వీపుతోని!"

ఆమె వీపు గురించి రాస్తాను, ఎందుకంటే ఇకమీద ఈ రాతంతా ఆ వీపు గురించే. మెడ కింద నుంచి నడుము దాకా పెంకు. చేతుల మీద, మోకాళ్ల కింద కూడా. పెంకు పట్టిన చోట చెమట పట్టదు. ఒళ్లంతా కమ్ముకుంటే మనిషి మూత పెట్టిన కుండే. లోపలి వేడి లోపలే ఉడుకుతుంది. ఎండాకాలంలో చలువ నగరం కరెంటంతా లాక్కుంటుంది, మా ఫ్యాన్ సగం పూటలే తిరుగుతుంది. నిరుడు ఫ్యాన్ ఆగిన ఒక మధ్యాహ్నం మా ఆయన అలాగే పోయాడు. మేం నీళ్లు పోస్తూనే ఉన్నాం. ఆ నీళ్లన్నీ పెంకు మీద నుంచి జారిపోయాయి.

ఇప్పుడు వదినకు పెంకు పట్టకుండా నుదురు, మెడ ముందు భాగం, చంకలు మిగిలాయి. డబ్బా మూత తీసి వాసన చూసి, "ఉత్త మైనమే అనిపిస్తుంది. నా అదృష్టం నాకెర్కనే" అంది. అయినా పూసుకుంది.

రెండో చూపు

దవాఖానా గదిలో మూడు రోజులుగా ఉన్నాను. మంచం కుక్కి. బయట నల్లా దగ్గర ఆడవాళ్ల కొట్లాట గోడలో నుంచి వినిపిస్తూనే ఉంది. నీళ్ల వంతు కాని రోజున బకెట్లు ఎందుకు కొట్టుకుంటున్నారో వీళ్లకే తెలియాలి. మా బాయివాళ్లకు నోరూ ఎక్కువే, బకెట్లూ ఎక్కువే.

చూపు మాత్రం బ్రహ్మాండంగా జరిగింది. కంతలోంచి వచ్చిన ప్రతి చేయీ పోయినసారి కంటే నున్నగా ఉంది. నాలుగు వేసిన పొట్టుకు రెండు వేశాను, ఒకటి వేశాను. కొందరికి ఎరుపు మాత్రం పెరిగింది. "మందు కాస్త వేడి చేస్తుందేమో, చూద్దాం" అన్నాడు నిరంజన్. అతని కళ్లలో వెలుగు చూసి నాకు ముచ్చటేసింది. సగం మందికి ఉత్త మైనమే కదా, అందరికీ ఎలా తగ్గుతుంది అన్న మాట నాకు ఆ పూట తట్టలేదు. సంతోషంగా ఉన్న మనిషికి లెక్కలు రావు.

మోచేయి తడిసిన రోజు

పుట్టగొడుగుల గదిలో మడులు తడుపుతున్నాను. వదిన పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె పరుగెత్తడం నేను కోడలిగా ఈ బాయికి వచ్చాక ఎప్పుడూ చూడలేదు. జాకెట్టు చేయి పైకెత్తి మోచేతి మడత నా ముక్కు మీదికి తెచ్చింది.

"చూడే! తడి!"

నిజంగా తడే. మోచేతి మడతలో, పెంకు పలచబడిన చోట, ముత్యమంత చెమట. నేను వేలితో అద్ది నాలుకకు రాసుకున్నాను. ఉప్పగా ఉంది. ఇద్దరం అక్కడే మడుల మధ్య నిలబడి ఏడ్చాం. తర్వాత ఆమె ఇంటింటికీ తిరిగి చేయి చూపించి వచ్చింది. చూసిన ప్రతి ఒక్కరికీ బెల్లం ముక్క. నెలకు వచ్చే బెల్లమంతా ఆ పూటే అయిపోయింది. "మనుమడు పుట్టిండా ఏంది?" అని మల్లవ్వ అడిగితే, "మనుమడు పుడితె ఏమొస్తదే, చెమట వచ్చింది నాకు!" అంది.

సాయంత్రం ఈ సంగతి నిరంజన్‌కు చెప్పాను. అతని ముఖం చిన్నబోయింది. "చెమట మన లెక్కలో లేదు స్వరూపగారూ" అన్నాడు. ఎందుకు లేదు అన్నాను. ఆ లెక్క కట్టినవాళ్లు చలువ నగరంలో కట్టారట. అక్కడ ఎవరికీ చెమట పట్టే అవసరం లేదు. అక్కడ పెంకంటే చూడ్డానికి బాగుండని జబ్బు, అంతే. మధ్యలో కొత్త కొలత కలపకూడదట, కలిపితే మొత్తం పరీక్షే చెల్లదట. "పర్లేదు, చర్మం తేడా చెప్పేస్తుంది కదా. అది చాలు" అన్నాడు. నేనూ చాలనుకున్నాను.

ఆఖరి చూపు

మూడోదీ ఆఖరిదీ అయిన చూపు ఇవాళ ముగిసింది. అందరూ నున్నగా వచ్చారు, కొందరైతే మరీ ఎర్రగా. ఒక మోకాలి మీద గీతలు గీతలుగా రక్తం చిమ్మి ఉంది. దురదకు గోక్కున్నారేమో అని రాసి పక్కన పెట్టాను. అంకెలన్నీ లిఫ్టులో పైకి పోయాయి. కుక్కి మంచానికి దండం పెట్టి ఇంటికి వచ్చాను.

మోరీ వంతు

మూడో లెవెల్ మోరీ పొంగింది. శుభ్రం చేసే వంతు మా ఇంటిది. వదిన నడుము నొప్పి అంది, ఆమె నడుముకు వంతుల సంగతి బాగా తెలుసు. చీపురు, చేట పట్టుకుని నేనే దిగాను.

జాలీకి అడ్డంగా తెల్లగా ఏదో పేరుకుని ఉంది. నానిన అటుకుల్లా మెత్తగా, పొరలు పొరలుగా. చేటలోకి తీశాను. రెండో చేటా నిండింది, మూడోదీ నిండింది. అది ఏమిటో నా చేతికి నా బుర్ర కంటే ముందే తెలిసింది. ఇన్నాళ్లుగా రోజంతా తడుముతున్నది దాన్నే కదా. అది పొట్టు. మనుషుల పొట్టు. కింద నాలుగైదు ఇటుక పెల్లలు కూడా దొరికాయి, అరిగి నున్నగా.

నేను మోరీలోనే కూర్చుండిపోయాను.

ఇంటికి వెళ్లేసరికి వదిన బియ్యం ఏరుతోంది.

"వదినా, చూపుకు ముందుగాల ఒళ్లు రుద్దుకున్నవా?"

"రుద్దుకోక?"

"ఇటుక పెల్లతోనా?"

"మరి దేంతోని పోతదే? మల్లవ్వ వీపు నేను రుద్దిన, నా వీపు మల్లవ్వ రుద్దింది. నీళ్లకు ఎంత తిప్పలు పడ్డమో నీకేమెర్క, నువ్వు దవాఖానల మంచమెక్కి పన్నవు."

"అందరు రుద్దుకున్నరా?"

"అందరు. ఎవలన్న గట్లనే పోతరా?"

"నేను చదివి చెప్పిన కద వదినా! ఏం పూయద్దని!"

"పూయద్దన్నవు. పూయలే. రుద్దద్దని ఎవలన్నరు?"

నా ముఖం చూసి ఆమె చేట పక్కన పెట్టింది. గొంతు తగ్గించింది.

"ఒకల ముంగట గంత పొట్టు రాలంగ ఎట్ల కూసుంటరే? అండ్ల చూసేది మనింటి కోడలు. నీ చేతికి మా పెంకు అంటుతె నీకు రోతగాదా? స్వరూపకు రోత గావద్దని నేనే అందరికి చెప్పిన. మంచిగ రుద్దుకోని పోండ్రని ఇంటింటికి చెప్పిన."

కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని. తల దువ్వుకోకుండా పక్కింటికి పోని మనుషులం మేము. షరతులు రాసిన చలువ నగరం పెద్దమనిషికి ఇది తట్టకపోవడంలో వింతేముంది, నాకే తట్టలేదు.

తేడా లేదు

నిరంజన్‌కు చేటతో సహా చూపించాను. అతను పొట్టును వేళ్ల మధ్య నలిపి చూశాడు. తర్వాత నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. మైనం పూసుకున్నవాళ్లు రుద్దితే పొట్టు పోయి నున్నగా కనిపించారు. మందు పూసుకున్నవాళ్లకు అప్పుడే లేత చర్మం వస్తోంది, దాన్ని ఇటుకతో రుద్దితే చెక్కుకుపోయి ఎర్రబడింది. వీళ్ల అంకె దిగింది, వాళ్ల అంకె ఎక్కింది. రెండూ ఒకే చోటికి వచ్చి ఉంటాయి.

పైకి రాశాడు. రుద్దకుండా ఇంకొక్క చూపు చూడనివ్వండి అని బతిమాలాడు. రెండు వారాలకు జవాబు వచ్చింది: అప్పటికే ఏ డబ్బా ఎవరిదో గుట్టు విప్పేశారు. మందుకూ మైనానికీ తేడా లేదు. గుట్టు విప్పాక తీసిన అంకెలు చెల్లవు. మందు కాచే తొట్టెల్లో ఇప్పుడు వేరే సరుకు కాస్తున్నారు. మిగిలిన డబ్బాలతో డాక్టరు వెంటనే పైకి రావాలి.

ఆ జవాబులో తప్పు పట్టడానికి ఒక్క ముక్క లేదు. అదే నాకు ఎక్కువ మంటపుట్టించింది. ఎవడైనా మోసం చేసి ఉంటే తిట్టి పోసేదాన్ని.

లిఫ్టు

"మా వదినది ఏ డబ్బా సార్?"

చెప్పకూడదేమో అన్నట్టు అటూ ఇటూ చూశాడు. "మందు డబ్బా" అన్నాడు.

"ఒక్క డబ్బా వదిలిపొండి."

"అన్నీ తూచి సీలు వేశారు."

"ఒక్కటి సార్. దారిలో పగిలిందని చెప్పండి."

"ఒకటి నెల వస్తుంది స్వరూపగారూ. ఆ తర్వాత?"

"నెల వస్తే నెల బతుకుతుంది! ఎండలు ఎంతకాలం ఉంటాయని!"

అతను డబ్బాలు లిఫ్టులోకి ఎక్కించాడు. లిఫ్టు తలుపు వేసుకునేటప్పుడు ఏడుస్తున్నాడు. ఏడ్చాడని జాలిపడాలా? డబ్బా మాత్రం ఇవ్వలేదు. అలాంటి నిజాయితీకి ఒక దండం. పచ్చ తెరను మాత్రం మరిచిపోయాడు. వదిన దాన్ని చింపి తలగడ గలేబులు కుట్టింది.

మార్చి

మోచేతి మడత మళ్లీ మూసుకుంది. ఇప్పుడు జాకెట్టు చేతులు మణికట్టు దాకా దించుకుంటోంది.

ఎవరూ అడగని చూపు

ఇవాళ పొద్దున తలుపు తీస్తే బయట జనం. మల్లవ్వ, ఆమె వెనక మూడో లెవెల్ అంతా. ముందు మా వదిన, నా గుమ్మం అవతల నిలబడి, ఆ ఇల్లు ఆమెది కానట్టు.

"చూడు" అంది.

"ఏం చూడాలె?"

"ఎవలం రుద్దుకోలే. పది రోజులాయె నీళ్లు సుత ముట్టక. ఇప్పుడు చూసి రాయి. రాసి పైకి పంపు."

ఇది చెల్లదని వాళ్లకు చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాను. మల్లవ్వ చీర కుచ్చిళ్లు ఎత్తి మోకాళ్లు చూపిస్తూ నిలబడింది, పరాయి మగాళ్లు ఇంతమంది ఉండగా. ఆమె పిక్కల మీద నుంచి పొట్టు నా గడప మీద రాలుతోంది. ఆమె తల దించుకోలేదు. సిగ్గుతో చెవులు మాత్రం ఎర్రగా కందాయి.

స్టూలు వేసుకుని కూర్చున్నాను. తెర లేదు. ఈసారి ముఖాలు చూశాను. ఎరుపు, మందం, పొట్టు. వాళ్ల అరచేయి తీసుకుని వాళ్ల ఒంటి మీదే పెట్టి కొలిచాను. రోత పుట్టలేదు. ఎప్పుడూ పుట్టలేదు. ఈ మాట అప్పుడే ఎవరికైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

వదిన ఆఖర్న వచ్చింది. ఆమెను నేను అంకెల కోసం చూడటం ఇదే మొదలు. జాకెట్టు విప్పి వీపు తిప్పింది. మందం నాలుగు. పొట్టు నాలుగు. మెడ ముందుకు, నుదుటికి కూడా పాకింది, చంకలు మూసుకున్నాయి. ఇంత కచ్చితంగా నేను ఎప్పుడూ చూపు చూడలేదు.

"పంపుతవు గద?" అంది.

"పంపుత" అన్నాను. పంపాను కూడా. లిఫ్టు తీసుకుపోయింది.

జవాబు లేదు

ఏప్రిల్ అయిపోయింది. ఫ్యాన్ పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట. మా లెవెల్ మైసయ్య బావ పోయాడు. మల్లవ్వ చెల్లెలు పోయింది. లిఫ్టు దగ్గరికి రోజూ వెళ్లి వస్తున్నాను. బియ్యం వస్తున్నాయి, బెల్లం వస్తోంది.

ఫ్యాన్ ఆగిన మధ్యాహ్నం

వదిన రాతి నేల మీద పడుకుంది. తడిబట్ట కప్పాను. బట్ట ఆరుతోంది, ఆమె చల్లబడటం లేదు. ఉదయం నుంచి మాట తడబడుతోంది. ఒకసారి నన్ను వాళ్ల అమ్మ అనుకుంది. ఒకసారి తమ్ముడు షిఫ్టు నుంచి వచ్చాడా అని అడిగింది. ఇంకా రాలే వదినా, అన్నాను. నాకు తెలుసు, నిరుడు చూశాను. ఇలా మాట తడబడ్డాక ఎంతసేపు ఉంటుందో తెలుసు.

విసనకర్ర ఆపకుండా విసురుతున్నాను. నా ఒళ్లు మాత్రం ధారలు కారుతోంది. వీపు తడిసింది, కొంగు తడిసింది, కనుబొమల మీద నుంచి కళ్లలోకి దిగి మండుతోంది. ఒక్క అరచేయంత చర్మం కూడా పెంకు పట్టని ఈ దిక్కుమాలిన ఒళ్లును చూస్తే నాకు అసహ్యం వేసింది. ఇందులో సగం ఆమెకు ఇవ్వగలిగితే బాగుండును.

నాడి చూద్దామని ఆమె మీదికి వంగాను. నా గడ్డం మీది చెమట చుక్క ఆమె నుదుటి మీద పడింది. ఇంకొకటి పడింది. అవి నెమ్మదిగా కణత వైపు జారాయి.

ఆమె కళ్లు తెరిచింది. చేయి ఎత్తి నుదురు తడుముకుంది. వేళ్లు కళ్ల ముందుకు తెచ్చుకుని చూసింది. తడి.

"వచ్చిందే స్వరూపా" అంది. "చెమట వచ్చింది. మంచిగ చూసి రాయి."

ఇన్ని చూపుల్లో నేను ఒక్క అంకె తప్పు వేయలేదు. లేనిది ఉన్నట్టు ఎన్నడూ రాయలేదు. "వచ్చింది వదినా, రాసిన" అన్నాను. ఆమె నవ్వింది. నేను ముఖం తుడుచుకోకుండా ఆమె మీదికి ఇంకాస్త వంగాను.